దారిలో కాపురం: ఉద్యోగాలకు విరామమిచ్చి ఏడాదిపాటు ప్రయాణించే దంపతులకు

ఉద్యోగాలు మాని ఏడాదిపాటు ఊళ్ళు తిరగాలనుకునే దంపతులు ముందుగా వీసాల గురించి, విమాన టిక్కెట్ల గురించి, ఖర్చు గురించి ఆరా తీస్తారు. ఆ సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. అయితే బయలుదేరే ముందు మరొక లెక్క కూడా వేసుకోవాలి. హైదరాబాదులో ఇద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో భార్యాభర్తలు మెలకువగా కలిసి గడిపేది ఎంతసేపు? మా ఇంట్లో ఉదయం హడావిడి, రాత్రి భోజనం కలిపితే పనిదినాలలో రోజుకు 3 గంటలు, శని ఆదివారాలలో పన్నెండేసి గంటలు, అంటే వారానికి మొత్తం 39 గంటలు. ప్రయాణం మొదలైన వారంలో అది 105 గంటలైంది. ఆఫీసు జీతం ఇవ్వడంతో సరిపెట్టదనీ, ఇద్దరి మధ్య కొంత దూరాన్నీ, సాయంత్రం చెప్పుకోవడానికి నాలుగు కబుర్లనూ, చిరాకు పడటానికి ఒక మేనేజరునూ కూడా అదే సమకూర్చిపెడుతుందనీ మాకు అప్పుడే తెలిసింది. మేనేజరు లేనప్పుడు ఆ చిరాకు ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మేము 2024 అక్టోబరులో బయలుదేరి, మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి, 2025 సెప్టెంబరులో తిరిగి వచ్చాము. నేపాల్‌లో పోఖరా, థాయిలాండులో చియాంగ్ మై, వియత్నాంలో హోయ్ ఆన్, ద లాత్, శ్రీలంకలో కాండీ మా ప్రధానమైన మజిలీలు. సెలవుకు వెళ్ళినవాళ్ళలా మొదలుపెట్టి, రెండు నెలలు తిరిగేసరికి, ఇది చోటు మారుతూ చేయవలసిన కాపురమని గ్రహించి, దానికి తగ్గట్టు పద్ధతులు ఏర్పరచుకున్నాము. ఆ పద్ధతులనే ఇక్కడ వివరిస్తున్నాను.

బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

డబ్బును మూడు భాగాలుగా విడదీసి, మూడు వేరువేరు ఖాతాలలో ఉంచండి. మొదటిది ప్రయాణం ఖర్చు. రెండవది తిరిగి వచ్చాక కొత్త ఉద్యోగం దొరికేదాకా 6 నెలలు ఇల్లు గడవడానికి, అద్దె ఇంటి అడ్వాన్సుకు సరిపోయే మొత్తం. మూడవది, ఇంటి దగ్గర ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే, ధర ఎంత ఉన్నా ఆ రోజే రెండు టిక్కెట్లు కొనుక్కోవడానికి కావలసిన డబ్బు. ఈ రెండో భాగం, మూడో భాగం ముట్టుకోరానివని ఇద్దరూ ముందే ఒప్పుకోవాలి. దారిలో నచ్చిన ఊరు కనిపించి ఇంకో నెల ఉందామనిపించినప్పుడు ఆ మాట మీదే నిలబడాలి.

ఇద్దరి పొదుపూ సమానంగా ఉండదు. ఎక్కువ దాచుకున్నవారు నోటితో అనకపోయినా, మంచి గది తీసుకుందామన్న ప్రతిసారీ ఆ తేడా మనసులో మెదులుతుంది. ప్రయాణం డబ్బంతా ఒకే ఉమ్మడి ఖాతాలో వేసి, ఎవరు ఎంత వేశారన్నది అక్కడితో మరిచిపోవడం మంచిది. దానితోపాటు నెలకు కొంత మొత్తం ఇద్దరికీ సమానంగా, లెక్క అడగని డబ్బుగా పక్కన పెట్టుకోవాలి. నేను నా వాటాతో చేనేత సంచులు కొన్నాను. మా ఆయన కాఫీ తాగారు. ఏడాది మొత్తంలో ఆ డబ్బు గురించి ఒక్క మాట కూడా రాలేదు. మిగిలిన ఖర్చుకు మాత్రం ప్రతి శనివారం సాయంత్రం ఒక నోటుపుస్తకంలో పద్దు రాసుకున్నాము. ఫోనులో యాప్ ఉండగా పుస్తకం దేనికని మొదట నేనే వాదించాను గాని, ఇద్దరూ ఒకే కాగితం మీదికి వంగి కూర్చోవడంలో ఉన్న ఉపయోగం వేరు. ఆ వారం మనసులో మిగిలిపోయిన ఫిర్యాదులు కూడా ఆ పద్దు దగ్గరే బయటికి వచ్చేవి.

ఉద్యోగం ఏ నెలలో మానాలన్నది కూడా ఆలోచించదగినదే. సెప్టెంబరు చివరికి మానితే ఏడాది విరామం రెండు ఆర్థిక సంవత్సరాల మధ్య సగం సగంగా పడుతుంది. రెండిటిలోనూ జీతం సగమే ఉంటుంది కనుక పన్ను శ్లాబు దిగుతుంది, మొదటి సగంలో జీతంలోంచి టీడీఎస్‌గా ఎక్కువ పన్ను కోసి ఉంటే వాపసు వస్తుంది. రిటర్ను మాత్రం ఎక్కడ ఉన్నా గడువులోగా వేయవలసిందే కనుక, ఆర్థిక సంవత్సరం ముగిశాకే కంపెనీ ఇచ్చే టీడీఎస్ పత్రాన్ని మెయిలులో పంపమని ముందే చెప్పి, రిలీవింగ్ లెటరు వంటివి బయలుదేరేలోగా చేతికి తెచ్చుకోండి. పీఎఫ్ జోలికి పోకండి. ఐదేళ్ళ సర్వీసు పూర్తికాకముందే తీస్తే పన్ను పడుతుందన్నది ఒక కారణం. చేతిలోకి వచ్చిన డబ్బు ప్రయాణంలో కరిగిపోతుందన్నది అంతకంటే పెద్ద కారణం.

ఆరోగ్య బీమా విషయంలో చాలామంది దంపతులు పొరబడతారు. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ మీ ఆఖరి పనిదినంతో ముగుస్తుంది. మీ పాలసీలో మీ తల్లిదండ్రులు, మీ వారి పాలసీలో అత్తమామలు ఉన్నట్లయితే, ఇద్దరూ ఒకేసారి రాజీనామా చేసిన రోజున ఆరుగురు మనుషులు బీమా లేకుండా మిగిలిపోతారు. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు సాధారణంగా వర్తించదు. ముందునుంచి ఉన్న షుగరు, బీపీ వంటివాటికి 36 నెలల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. అందువల్ల రాజీనామాకు కనీసం మూడు నాలుగు నెలల ముందే పెద్దవాళ్ళకు వేరే పాలసీ మొదలుపెట్టాలి, లేదా గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే అవకాశం ఉందేమో నోటీసు పీరియడ్‌లో ఉండగానే అడగాలి. మా మామగారి కోసం ఇలా అడిగినప్పుడు మొదట కుదరదన్నారు. నిబంధన చూపించి రాతపూర్వకంగా అడిగితే కుదిరింది. ఈ పని ముగించకుండా బయలుదేరితే, దారిలో ఫోను మోగిన ప్రతిసారీ ఇద్దరిలో ఒకరి గుండె ఆగుతుంది, రెండోవారికి తప్పు చేశామనిపిస్తుంది.

ఫోన్ల సంగతి చిన్నదే గాని చాలా ఇబ్బంది పెడుతుంది. మన బ్యాంకులన్నీ ఓటీపీ మీద నడుస్తాయి. ఇద్దరి ఖాతాలకూ ఒకే నంబరు ఇచ్చి ఉంటే బయలుదేరేలోగా విడదీయండి. ఆ ఒక్క ఫోను పోయినా పాడైనా ఇద్దరికీ దారి మూసుకుపోతుంది. భారతీయ సిమ్‌లో రోమింగు ఆన్ చేసి ఎస్సెమ్మెస్ కోసం మాత్రమే ఉంచి, డేటాకు అక్కడి సిమ్ వాడుకోవాలి. 90 రోజులు వాడకుండా రీచార్జి లేకుండా వదిలేస్తే నంబరు రద్దయ్యే ప్రమాదం ఉంది. కార్డులు కూడా ఇద్దరివీ ఒకే పర్సులో పెట్టకూడదు.

ఇవన్నీ అయ్యాక, రాజీనామా ఉత్తరం ఇచ్చే ముందు, ఏడాదికి తీసుకువెళ్ళాలనుకునే సంచులతోనే ఒక రెండు వారాలు ఏదైనా చిన్న ఊళ్ళో గడిపి చూడండి. మేము గోకర్ణంలో ఉన్నాము. మా ఆయన తెల్లవారుజామున ఐదింటికి లేచి దీపం వేస్తారని, నాకు ఏసీ పడదని పెళ్ళైన ఆరేళ్ళకు కూడా మాకు సరిగా తెలియదు, ఎందుకంటే ఇంట్లో రెండో గది ఉంది. 14 కిలోల సంచి కూడా అక్కడే 9 కిలోలకు దిగింది.

మొదటి ఆరు వారాలు

మొదటి నెల అందరూ చేసే పొరపాటే మేమూ చేశాము. పది రోజుల సెలవుకు వెళ్ళినట్టే ఉదయం ఆరింటికి లేచి, చూడవలసినవన్నీ చూసి, రెండు మూడు రోజులకొకసారి ఊరు మార్చాము. సెలవులో అలసట ఇంటికి వచ్చాక తీరుతుంది. ఇక్కడ ఇల్లే లేదు. ప్రయాణించే రోజున, అంటే గది ఖాళీ చేసి, బస్సు పట్టుకొని, కొత్త గది వెతుక్కొని, మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో తెలుసుకునే రోజున ఇద్దరిలో ఏ ఒక్కరికీ ఓపిక మిగలదు. మా పెద్ద తగాదాలన్నీ పుస్తకంలో తేదీలతో సహా ఉన్నాయి, దాదాపు అన్నీ ఊరు మారిన రోజులే. ఒక ఊళ్ళో కనీసం 10 రాత్రులు ఉండాలని, నెలకు రెండుసార్లకు మించి సంచి సర్దకూడదని నియమం పెట్టుకున్నాక అవి సగానికి తగ్గాయి. నెలవారీగా మాట్లాడుకుంటే గది అద్దె కూడా బాగా తగ్గుతుంది.

ఇలా నిదానంగా తిరగడానికి వీసాలు కూడా అనుకూలంగా ఉండే దేశాలను ఎంచుకోవాలి. మేము వెళ్ళిన కాలంలో థాయిలాండు భారతీయులకు వీసా లేకుండా 60 రోజులు, వియత్నాం ఈ-వీసా మీద 90 రోజులు ఉండనిచ్చాయి. ఈ నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక టిక్కెట్టు కొనేముందు ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూసుకోవాలి. ఈ-వీసా దరఖాస్తులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు కొన్నిచోట్ల పూర్తిగా, కొన్నిచోట్ల పొడి అక్షరంగా ఉంటాయి. ఒకరి దరఖాస్తు మరొకరు నింపి, ఆనక తప్పు ఎవరిదని వాదించుకోవడం కంటే ఒకరు నింపినదాన్ని మరొకరు పాస్‌పోర్టు పక్కన పెట్టుకొని చదవడం మేలు. ఋతువులు కూడా చూసుకోండి. చియాంగ్ మైలో ఫిబ్రవరినుంచి ఏప్రిల్ వరకు పొలాల, అడవుల మంటలతో ఊరంతా పొగ కమ్ముతుంది. హోయ్ ఆన్‌లో అక్టోబరు, నవంబరులలో వరదలు వస్తాయి. జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో వచ్చే టెట్ అనే కొత్త సంవత్సరం పండుగ రోజులలో వియత్నాంలో దుకాణాలు మూసి, బస్సులు నిండి ఉంటాయి. పొగలో గదిలో బందీలుగా ఉన్న దంపతులు ఎలా మాట్లాడుకుంటారో ఊహించుకోవచ్చు.

ఇక తగాదాల సంగతి. చియాంగ్ మై పాత ఊరు నాలుగు పక్కలా కందకంతో చతురస్రంగా ఉంటుంది. నవంబరులో ఒకరోజు మధ్యాహ్నం రెండుంబావుకు, ఎండలో, మూడో భోజనశాల ముందు నిలబడి ఉన్నాము.

"ఇక్కడ తిందామా?" అన్నారు తను.

"మీ ఇష్టం."

"నాకేదైనా ఫర్వాలేదు. నువ్వు చెప్పు."

"నేను చెబితే మొదటిదే చెప్పాను కదా!"

ఆ తరువాత ఒక గంటసేపు కందకం గట్టున, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడంతో, నీళ్ళలో చేపలు చూస్తూ కూర్చున్నాము. నిజానికి అక్కడ తిండి సమస్య కానేకాదు. ఉద్యోగం చేసే రోజులలో ఎక్కడ తినాలి, ఎప్పుడు లేవాలి, ఏ దారిన వెళ్ళాలి అన్నవి అలవాటు మీద జరిగిపోతాయి. ప్రయాణంలో ప్రతిదీ కొత్తగా నిర్ణయించవలసినదే. సాయంత్రమయ్యేసరికి నిర్ణయించే శక్తి అడుగంటి, ఇద్దరూ మర్యాద పేరుతో భారాన్ని ఎదుటివారి మీదికి నెట్టడం మొదలుపెడతారు. ఆ రోజునుంచి మాకు "నీ ఇష్టం", "ఏదైనా ఫర్వాలేదు" నిషిద్ధమైన మాటలు. అడిగినవారికి ఒక పేరు చెప్పాలి, లేదా "నువ్వే తేల్చు, నేను మాట్లాడను" అని చెప్పి నిజంగానే మాట్లాడకుండా ఉండాలి. ఆకలి వేస్తే వేసిందని పైకి చెప్పాలన్నది రెండో నియమం. పన్నెండున్నర దాటేలోపు భోజనం సంగతి తేలకపోతే, కనబడిన మొదటి చోట తినడం మూడోది.

ఈ ఊరి పెత్తనం ఎవరిది

ఏ జంటలోనైనా ఒకరు టిక్కెట్లు, గదులు, దారులు చూసుకుంటారు, రెండోవారు వెంట నడుస్తారు. మూడు నెలలు గడిచేసరికి మొదటివారికి తాము టూరు మేనేజరు ఉద్యోగంలో చేరినట్టు అనిపిస్తుంది. రెండోవారికి తమను ఎవరో సామానులా మోసుకెళుతున్నట్టు అనిపిస్తుంది. దీనికి మేము కనిపెట్టిన ఉపాయం ఊరికొక పెత్తనం. పోఖరా తనది, చియాంగ్ మై నాది, హోయ్ ఆన్ తనది. పెత్తనం ఉన్నవారే ఆ ఊరి గది, రవాణా, రోజువారీ డబ్బు చూస్తారు. రెండోవారు సలహా అడిగితేనే చెబుతారు, గది బాగాలేకపోయినా శనివారం పద్దు దాకా ఆ మాట ఎత్తరు.

ఈ నియమానికి అసలైన పరీక్ష హోయ్ ఆన్ నదీతీరంలో ఎదురైంది. వియత్నాం డబ్బులో 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల డాంగ్‌ల నోటు రెండూ నీలంగానే ఉంటాయి. చీకటి పడుతున్న వేళ కొబ్బరిబొండానికి తను 20 వేలు అనుకొని 5 లక్షలది ఇచ్చేశారు. గదికి వచ్చి లెక్క చూసుకుంటే సుమారు 1,650 రూపాయలు తక్కువ వచ్చాయి. నా నోటి చివరిదాకా వచ్చిన మాటను మింగడానికి నేను బాల్కనీలోకి వెళ్ళవలసి వచ్చింది. శనివారం తనే పుస్తకంలో "కొబ్బరిబొండం: 5,00,000" అని రాశారు. మరునాడు 5 లక్షల నోట్లు వేరే అరలో పెట్టుకున్నాము. మీరు ఆ పని మొదటిరోజే చేయండి.

అదే ఊళ్ళో స్కూటరు అద్దెకు తీసుకోవాలా వద్దా అన్న వాదన కూడా వస్తుంది. మన ఆర్టీఏ కార్యాలయాలు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు 1949 నాటి ఒప్పందం కింద ఇచ్చేది. వియత్నాం గుర్తించేది 1968 నాటి ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను. చెల్లే లైసెన్సు లేకుండా నడిపి ప్రమాదం జరిగితే ప్రయాణ బీమా సాధారణంగా చెల్లించదు. అద్దెకిచ్చేవాళ్ళు ఏమీ అడగరు గనుక చాలామంది నడుపుతారు. ఇలాంటి విషయాలలో మేము పెట్టుకున్న పద్ధతి ఏమిటంటే, ప్రాణానికీ చట్టానికీ సంబంధించిన వాటిలో ఆ ఊరి పెత్తనం ఎవరిదైనా సరే, ఇద్దరిలో ఒకరు వద్దంటే వద్దే. మేము సైకిళ్ళు తొక్కాము.

వంట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు దంపతుల ప్రయాణాలు చాలావరకు తిండి దగ్గరే తడబడతాయి. బయటి భోజనం మూడు వారాలపాటు రుచిగా ఉంటుంది. నాలుగో వారంలో ఒకరికి చారన్నం మీదికి మనసు పోతుంది, రెండోవారికి అది చాదస్తంగా కనబడుతుంది. మేము చియాంగ్ మై సంతలో చిన్న రైస్ కుక్కరు ఒకటి కొని, చివరిదాకా మోశాము. పొట్టు తీసిన పెసరపప్పు థాయిలాండులోను, వియత్నాంలోను స్వీట్లకు వాడతారు కనుక సంతలో తేలికగా దొరుకుతుంది; కందిపప్పు మీద ఆశ పెట్టుకోకండి. చింతపండు, టమాటాలు, వెల్లుల్లి, పచ్చిమిరప దొరుకుతాయి. ఇంటినుంచి ఇంగువ, ఆవాలు, జీలకర్ర, కందిపొడి తీసుకువెళితే చాలు. నూనె కారే ఆవకాయ సీసా విమానాల్లో తలనొప్పి. మా అత్తయ్య పట్టుబట్టి ఇచ్చిన సీసా మూత వదులై, మా ఆయన చొక్కాలు రెండు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి. శాకాహారులైతే థాయిలాండులో పసుపుపచ్చ జెండా మీద ఎర్ర అక్షరంతో కనిపించే "జే" గుర్తును, వియత్నాంలో "చాయ్" అని వినిపించే బోర్డులను వెతుక్కోండి. వియత్నాంలో బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో ఒకటో తేదీన, పదిహేనో తేదీన, అంటే దాదాపుగా మన అమావాస్యకూ పౌర్ణమికీ, మాంసం మానేస్తారు కనుక ఆ రోజులలో శాకాహార భోజనశాలలు కిటకిటలాడతాయి. రెండు దేశాలలోనూ మామూలు కూరలలో చేపల సాసు పడుతుందని మరవకండి.

అయితే కుక్కరు కొన్న మొదటి వారంలోనే ఒక సంగతి బయటపడింది. హైదరాబాదులో వంటమనిషి ఉండేది కనుక కనబడని తేడా, ఇక్కడ గదిలో ఒక మూల కుక్కరు పెట్టగానే కనబడింది: దాని ముందు కూర్చున్నది ప్రతిరోజూ నేనే. ఇద్దరం ఉద్యోగాలు మానింది సమానంగా, విశ్రాంతి మాత్రం ఒకరికే! దీన్ని మాటలతో సరిచేయడం కుదరదని నా అభిప్రాయం. వారాలు రాసి గోడకు అంటించాలి. సోమ, బుధ, శుక్రవారాలు తనవి, మంగళ, గురు, శనివారాలు నావి, ఆదివారం బయట. వండినవారు గిన్నెలు కడగరు. బట్టలు రెండు రోజులకొకసారి బకెట్లో నానబెట్టి, నైలాన్ తాడు కిటికీకీ తలుపుకూ కట్టి ఆరవేసే పని కూడా అలాగే వంతులవారీగా జరగాలి. తన మొదటి పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. నేను తిన్నాను, ఆ సంగతి శనివారం పద్దులో కూడా ఎత్తలేదు.

శరీరం విషయాలు కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. ఒకే గది, పలుచని బాత్రూం తలుపు, ఒకరికి విరేచనాలు: ఈ స్థితిలో మొహమాటం ఎక్కువ రోజులు నిలవదు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అలవాటైన మందులు వాటి చీటీలతో సహా, గర్భనిరోధక సాధనాలు సరిపడా వెంట ఉంచుకోవాలి. నెలసరి రోజులలో రాత్రి బస్సు ప్రయాణం పెట్టుకోకుండా చూడటం పెత్తనం ఎవరిదైతే వారి బాధ్యత. డబ్బు ఆదా కోసం నెలల తరబడి డార్మిటరీలలో పడుకోవడం దంపతులకు తగదు. తలుపు గడియ వేసుకునే గది లేకుండా కాపురం సాగదు.

వేరుగా గడిపే పూట

మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు మేము విడిపోయేవాళ్ళం. ఒంటిగంటకు భోజనం చేసి ఎవరి దారిన వారు వెళ్ళి, ఆరింటికి గదికి రావాలి. మధ్యలో ఫోను చేయకూడదు. ఇది మొదట నాకు నచ్చలేదు. కొత్త దేశంలో భార్యను వదిలి తిరగడమేమిటని మా అమ్మ ఫోనులో మా ఆయనను నిలదీసింది కూడా. కానీ మొదటి శుక్రవారం నేను చియాంగ్ మైలోని చేదీ లువాంగ్ ఆలయంలో బౌద్ధ భిక్షువులతో మాట్లాడే చోట కూర్చొని, పద్దెనిమిదేళ్ళ కుర్ర భిక్షువుకు పెళ్ళిలో జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారో వివరించే ప్రయత్నం చేసి, ఆరింటికి గదికి వచ్చేసరికి, తనకు చెప్పడానికి నా దగ్గర ఒక కబురు ఉంది. అలాంటి కబురు నా దగ్గర ఉండి అప్పటికి అయిదు వారాలైంది. అన్నీ కలిసే చూసినవాళ్ళకు చెప్పుకోవడానికి ఏముంటుంది?

మూడో నెల ప్రాంతంలో మరొక ఇబ్బంది వస్తుంది, అది ఇద్దరికీ ఒకేసారి రాదు. సోమవారం ఉదయం పది గంటలకు ఊరికే కూర్చున్నందుకు ఒకరికి అపరాధభావం కలుగుతుంది. పాత సహోద్యోగికి ప్రమోషను వచ్చిందన్న వార్త చూసి రోజంతా ముభావంగా ఉంటారు. రెండోవారు దాన్ని తమ మీద కోపంగా అర్థం చేసుకుంటారు. "ఇది నీ గురించి కాదు, ఉద్యోగం గుర్తొచ్చింది" అని చెప్పేయడం వల్ల చాలా అపార్థాలు తప్పుతాయి. రోజుకొక క్రమం కూడా ఉండాలి: ఉదయం రెండు గంటలు ఇద్దరూ చెరొక మూల చదువుకోవడమో, కోర్సు చేయడమో పెట్టుకుంటే మిగిలిన రోజు స్వేచ్ఛగా అనిపిస్తుంది.

నలుగురిలో తెలుగులో పోట్లాడుకోవడం సురక్షితమని మాత్రం అనుకోకండి. వియత్నాంలో ద నాంగ్ దగ్గర బా నా కొండల మీద, రాతివిలా కనిపించే రెండు చేతులు మోస్తున్నట్టుండే బంగారు వంతెన నడుమ మేము టోపీ గురించి గట్టిగా వాదించుకుంటూ ఉంటే, వెనకనుంచి ఒక పెద్దావిడ "పోనీలేమ్మా, ఎండగా ఉంది, నా గొడుగు తీసుకో" అన్నారు. విజయవాడనుంచి వచ్చిన బృందమట.

ఇంటివాళ్ళతో

ఇరువైపుల తల్లిదండ్రులకూ ఒకే రోజున, ఒకే మాట చెప్పాలి. ఒక పక్షానికి ముందు తెలిస్తే, ఆలోచన ఎవరిదన్న విచారణ మొదలవుతుంది. అది తప్పకుండా కోడలిదో అల్లుడిదో అని తేలుతుంది. చెప్పేటప్పుడు తిరిగి వచ్చే తేదీ కూడా చెప్పండి. "ఎన్నాళ్ళో తెలియదు" అన్న మాట పెద్దవాళ్ళను భయపెట్టినంతగా "సంక్రాంతికి పది రోజులు వస్తాము, సెప్టెంబరుకు పూర్తిగా వచ్చేస్తాము" అన్న మాట భయపెట్టదు. పిల్లల ప్రశ్న ఎలాగూ వస్తుంది. దానికి ఇద్దరూ కలిసి ఒక జవాబు ముందే అనుకొని, ఎవరి తల్లిదండ్రులకు వారే చెప్పుకోవాలి.

ఫోన్లకు వేళ నిర్ణయించండి. థాయిలాండు, వియత్నాం మనకంటే గంటన్నర ముందు. నేపాల్ పావుగంటే ముందు. మేము బుధవారం మా అమ్మానాన్నలకు, ఆదివారం అత్తయ్య మామయ్యలకు, ఇద్దరం కలిసి కూర్చొని చేసేవాళ్ళం. తగాదా పడిన రోజైనా సరే, వీడియోలో ఇద్దరూ కనబడాలి. ఆ అరగంట మర్యాదగా మాట్లాడవలసి రావడం వల్ల సగం తగాదాలు అక్కడే చల్లారాయన్నది మేము ఊహించని లాభం.

తిరిగి వచ్చేటప్పుడు

ఆఖరి మూడు నాలుగు వారాలు నెట్ బాగుండే ఒకే ఊళ్ళో ఉండండి. మేము కాండీలో ఉన్నాము. రెజ్యూమెలో ఈ ఏడాదిని దాచవద్దు. లింక్‌డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అని చూపించుకునే వీలు ఉంది. ఎందుకు మానారని అడిగితే రెండు వాక్యాలలో చెప్పి, ఆ కాలంలో చేసిన కోర్సు గురించి మాట్లాడటం నాకు పనికివచ్చింది. ఇంటర్వ్యూలు ఇద్దరికీ ఒకే వేళకు పడితే గదిలో ఒకరు, మేడ మీద ఒకరు అని ముందే పంచుకోండి. ఒకరికి ఉద్యోగం ముందుగా వస్తుంది, రెండోవారికి ఆలస్యమవుతుంది. మాకు మధ్యలో పదకొండు వారాలు పట్టింది. ముట్టుకోకుండా ఉంచిన రెండో ఖాతా ఉన్నది ఆ పదకొండు వారాల కోసమే. రెండోవారు మొదట దొరికినదానికి ఒప్పుకొని తరువాత విచారించకుండా అది కాపాడుతుంది.

ఇల్లు వెతికేటప్పుడు రెండు గదులున్నది చూడండి. ఏడాదిపాటు ఒకే గదిలో ఉన్నవాళ్ళం, ఒక గదిది చాలదా అని ఇంటి బ్రోకరు అడిగారు. ఐదింటికి దీపం వేసే మనిషి గురించి ఆయనకు చెప్పలేదు గాని, రెండు గదులదే తీసుకున్నాము.